నలభై ఒకటో రోజు

ఆ వానాకాలం నా చేతుల మీదుగా ఒక మనిషి ప్రాణం పోవలసింది. పోలేదు. అందులో నా గొప్పేమీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్‌రోడ్డు వెనక సందులో మా ల్యాబ్. జ్వరాల సీజన్ మొదలైందంటే పొద్దున ఆరింటికే బయట మెట్ల దాకా జనం. హాస్టల్ పిల్లలు, ఆటో డ్రైవర్లు, చంకలో పసివాళ్ళతో తల్లులు. అందరిదీ ఒకటే మాట, ప్లేట్‌లెట్లు చూడండి అని. రక్తం తీసేది నేనూ, ఉదయలక్ష్మీ. రక్తం తీసిన గొట్టం మీద అక్కడికక్కడే, మనిషి కుర్చీలోంచి లేవకముందే పేరు చీటీ అంటించాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటిరోజు ఈ మాట చెప్పేదాన్ని నేనే.

ఆ రోజు మాత్రం రెండు గొట్టాలు ఏప్రాన్ జేబులో వేసుకుని, ఏడుస్తున్న పిల్ల ఎవరిదో చూద్దామని వెళ్ళాను. అటునుంచి అటే నా నీళ్ళ సీసా వెతుక్కుంటూ పోయాను. పావుగంట తర్వాత వచ్చి చీటీలు అంటించాను. ఇద్దరి పేరూ సైదులే. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఇళ్ళల్లో ఆ పేరు లేని ఇల్లు తక్కువ. ఒకడికి పాతికేళ్ళు, ఒకాయనకు అరవై.

పద్దెనిమిది వేల ప్లేట్‌లెట్లున్న పెద్దాయన చేతికి లక్షా తొంభై వేలని కాగితమిచ్చి ఇంటికి పంపించాం. ఏమీ లేని కుర్రాణ్ణి వాళ్ళ అన్నలు ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తారు. మధ్యాహ్నం రిపోర్టులు సరిచూస్తూ మా ఇన్‌చార్జి పట్టాభిగారు పట్టుకున్నారు. నిన్న ముప్పై వేలున్న మనిషికి ఇవాళ లక్షా తొంభై ఎలా వస్తాయని ఆయనకు అనుమానం వచ్చింది. అల్మాస్‌గూడలో ఇల్లు వెతికి పట్టుకునేసరికి పెద్దాయన చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది. వారం రోజులు దవాఖానలో ఉండి బతికి బయటపడ్డాడు.

పట్టాభిగారిది గుంటూరు వైపు. గొంతు పెంచే మనిషి కాదు. నన్ను స్టోర్‌రూంలోకి పిలిచి తలుపు వేశారు.

"ఇది నాలుగోసారమ్మా సాధనా. మిగతా మూడూ నేనే సర్దేశాను. నీ చెయ్యి మంచిది. పసిపిల్ల నరమైనా నీకు ఒక్క పోటుకే దొరుకుతుంది. కానీ నీ బుర్ర ఎక్కడ తిరుగుతుంటుందో నాకు అర్థం కావట్లేదు."

"నాక్కూడా సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. "జబ్బుంటే జబ్బని డాక్టరు చేత రాయించుకురా. మందు వాడుతోందని యజమానికి చెప్పి నిలబెడతాను. దసరాలోపు ఆ కాగితం లేకపోతే నావల్ల కాదు. అప్పటిదాకా సూది ముట్టుకోవద్దు. కౌంటర్లో కూర్చో."

జబ్బు పేరు నాకు అప్పటికే తెలుసు. రెండేళ్ళ కింద ఫోనులో ఏడీహెచ్‌డీ అనే, ధ్యాస ఒకచోట నిలవని జబ్బు గురించి ఎవరో రాసింది చదివి, ఎవరో మా ఇంటికి వచ్చి నన్ను చూసిపోయి రాశారా అని భయపడ్డాను. పేరు తెలియడం వేరు, ఆ పేరు ఒక డాక్టరు చేత కాగితం మీద పెట్టించడం వేరు. ఆ తేడా ఎంతో ఆ వానాకాలమే తెలిసింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కంపరం పుడుతుంది.

మొదటి డాక్టరు ఎల్బీనగర్‌లో. గోడ నిండా శాలువాలు కప్పించుకున్న ఫొటోలు.

"ఏం చదివావు?"

"బీఎస్సీ ఎమ్మెల్టీ సార్."

"పాసయ్యావా?"

"అయిన సార్."

"అయితే ఇంకేంటమ్మా? ఆ జబ్బున్నవాళ్ళు టెన్తే దాటరు. అది చిన్నపిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో ఉంటుంది. ఫోనులో చూసి వచ్చావు కదూ? ఇప్పుడిదొక ఫ్యాషన్ అయిపోయింది. వయసెంత? ముప్పయ్యా? పెళ్ళి కాలేదా? అదీ సంగతి."

ఈ నాలుగు మాటల మధ్య ఆయన రెండు ఫోన్లు మాట్లాడాడు. ఒకటి ప్లాటు గురించి, ఒకటి చేపల గురించి. నిద్రమాత్రలు రాసిచ్చాడు. బయటికొచ్చి చూసుకుంటే చీటీ మీద నా పేరు 'సంధ్య' అని ఉంది. పేరు సరిగ్గా రాయడం చేతకాని మనిషి నాకు మతి బాగానే ఉందని తేల్చేశాడు. ఆ చీటీ చింపి అక్కడే డ్రైనేజీలో వేశాను.

రెండోది చైతన్యపురిలో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య మెట్లెక్కితే వచ్చే ఒక బ్రెయిన్ సెంటర్. ర్యాంకులు రాని పిల్లల్ని తల్లిదండ్రులు రెక్క పట్టుకుని అక్కడికి తెస్తారు. నా తలకు తడి టోపీ ఒకటి తొడిగి, కంప్యూటర్లో రంగురంగుల బొమ్మ తీశారు. ప్రశ్నల కాగితం నింపాల్సింది నేను. కౌన్సిలర్ అమ్మాయి నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"అన్నిటికీ 'చాలా ఎక్కువగా' అని కొట్టేస్తానక్కా. జల్ది అయిపోతది. పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే రిపోర్టు ఇయ్యాల్నే ఇస్తరు."

నాకు కావలసింది అదే కదా. అడక్కుండానే ఇస్తున్నారు. అయినా ఆ తడి టోపీ లోపలి వాసన, ఆ పిల్ల చకచకా టిక్కులు కొట్టడం, నా బతుకంతా ఒక్క నిమిషంలో అయిపోవడం చూస్తే లేచి వచ్చేయాలనిపించింది. సిగ్గు లేకుండా ప్యాకేజీకి డబ్బు కట్టి, ఆ రిపోర్టు తెచ్చి పట్టాభిగారికి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంటమ్మా, జాతకచక్రంలా ఉంది. డాక్టరు సంతకమేదీ?"

మూడో డాక్టరు విజయశ్రీ. ఆవిడ దగ్గర అపాయింట్‌మెంటు కోసం నెల రోజులు ఆగాలి. ఆగేలోపు తొమ్మిది పేజీల ఫారం నింపి తేవాలి. కాగితాలు పారేసుకునే జబ్బుందని రుజువు చేయడానికి కాగితాలు పారేయకుండా తేవాలన్నమాట! ఈ నియమం పెట్టినవాళ్ళను ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది. మొదటి ఫారం మెట్రోలో పోయింది. రెండోది ఇంట్లోనే పోయింది. మూడోసారి వెళ్తే రిసెప్షన్‌లో అరుణమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మళ్లనా? గిది ఫారమా, పల్లీల పొట్లమా?"

ఆమె ముందే నిలబడి, ఆమె పెన్నుతోనే నింపి ఇచ్చాను. పెన్ను మాత్రం నా బ్యాగులో ఇంటికొచ్చింది.

విజయశ్రీగారు ఫారమంతా చదివింది. మొదటిసారి ఒక డాక్టరు నేను రాసింది చదవడం చూశాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఆవిడ అడిగింది నా దగ్గర లేనిది.

"పెద్దయ్యాక వచ్చేది కాదిది. పన్నెండేళ్ళలోపే కనిపించి ఉండాలి. నీ మాట ఒక్కటే సరిపోదమ్మా. స్కూలు కాగితాలైనా కావాలి, పెంచినవాళ్ళైనా వచ్చి చెప్పాలి."

నా బడి ఎప్పుడో మూతబడి ఫంక్షన్ హాలైంది. ఇక మిగిలింది మా అమ్మ.

మా అమ్మ రెబెక్క. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళుగా అల్మాస్‌గూడలో కిరాయి ఇంట్లో ఉంటూ, స్కూల్లో ఆయాగా చేస్తుంది. మా ప్రార్థన మందిరంలో స్త్రీల సమాజానికి పెద్ద. పొద్దున నేను బయల్దేరేటప్పుడు తాళంచెవి తాడు నా మెడలో వేస్తుంది, ఐడీ కార్డు జేబులో పెడుతుంది, టిఫిన్ డబ్బా చేతికిస్తుంది. మా ఇంట్లో 'మర్చిపోయిన' అనే మాట నిషిద్ధం. వస్తువు కనబడకపోతే 'దొరకలే' అనాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

దవాఖానకు రమ్మంటే వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్నని విజయశ్రీగారు అడిగింది.

"మంచిగుండె మేడం. మంచిగ సదివేది."

"వస్తువులు పారేసుకోవడం, కుదురుగా కూర్చోకపోవడం, చెప్పింది వినకపోవడం?"

"ఏం లేకుండె."

"ఒక్కటీ లేదా అమ్మా?"

"లేదు మేడం. దేవుని దయ."

నేను తల తిప్పి మా అమ్మను చూశాను. ఆమె గోడకున్న క్యాలెండరు చూస్తోంది. విజయశ్రీగారు పెన్ను మూతపెట్టింది. ఈ మాటతో నేనేమీ రాయలేనని చెప్పింది. తప్పు ఆవిడది కాదు.

బయట వాన. ఆటోలో కూర్చున్నదాకా ఓర్చుకున్నాను.

"ఎందుకమ్మా అట్ల చెప్పినవ్? ప్రతి ఏడు మైకు పట్టుకొని నువ్వు చెప్పేదేంది?"

"అది వేరే."

"ఏం వేరే?"

"దాని ఆఖరున ఏముంది? బాగైందని ఉంది. ఇయ్యాల నేను బాగుకాలేదు, ఇంకా ఉందంటే, ఇరవై ఒక్కేండ్లు నేను చెప్పింది అబద్ధ సాక్ష్యమా? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చెయ్యమంటవా?"

సంగతేమిటంటే, మా మందిరంలో ఎవరికైనా మేలు జరిగితే వార్షికోత్సవం రోజు లేచి సాక్ష్యం చెప్పాలి. మా అమ్మ సాక్ష్యం నేనే. మూడో తరగతిలో నేను పలక తీసుకెళ్తే బలపం వదిలేసేదాన్నని, ఒక్క ఏడాదిలో ఏడు డబ్బాలు పోగొట్టానని, చెప్పులు బడిలో విడిచి ఉత్త కాళ్ళతో వచ్చేదాన్నని చెప్తుంది. అప్పుడు పాస్టర్ తీతు అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి నలభై రోజులు ప్రార్థన చేశారని, నలభై ఒకటో రోజు నుంచి నేను ఒక్క వస్తువు పారేసుకోలేదని ముగిస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. నేను లేచి నిలబడి వందనాలు చెప్పాలి. తొమ్మిదేళ్ళప్పుడూ లేచాను, ముప్పై ఏళ్ళప్పుడూ లేస్తున్నాను. లేచిన ప్రతిసారీ నోట్లో చేదు నీళ్ళు ఊరతాయి.

నలభై ఒకటో రోజు నిజంగా ఏమైందో నాకు తెలుసు. నాకు భయం పట్టుకుంది. ఇంకొక్క బలపం పారేస్తే దేవుడి పరువు పోతుంది. ఇంట్లోంచి బయల్దేరేముందు సంచిలో వస్తువులు వేళ్ళ మీద లెక్కపెట్టేదాన్ని, మధ్యాహ్నం లెక్కపెట్టేదాన్ని, లెక్క తప్పితే ఇంకో పిల్ల సంచిలోంచి తీసి పూడ్చేదాన్ని. స్వస్థత పొందిన పిల్ల దొంగతనం నేర్చింది. ఈ కథకు చప్పట్లు కొట్టేవాళ్ళను చూస్తే అసహ్యం వేయదా మరి?

ఆటోలో మా అమ్మకు పెద్ద సైదులు సంగతి చెప్పాను. అప్పటిదాకా ఆమెకు తెలియదు. కౌంటర్లో ఎందుకు కూర్చోబెట్టారంటే ప్రమోషన్ అని చెప్పాను. చిగుళ్ళలోంచి రక్తం కారడం దాకా అన్నీ చెప్పాను, ఆమెకు తగలాలనే చెప్పాను.

అమ్మ అడిగింది. "ఆయన బతికిండా?"

"బతికిండు."

"మనదిక్కాయనేనా?"

"మనదిక్కే."

ఆ తర్వాత పది రోజులు మేమిద్దరం అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. తాళంచెవి మాత్రం నా మెడలో పడుతూనే ఉంది.

ఈ లోపల నాకొక పాడు ఆలోచన వచ్చింది. వార్షికోత్సవం ఎలాగూ ఉంది. అమ్మ ఎలాగూ చెప్తుంది. రికార్డు చేసి తెస్తే చాలుతుందా అని విజయశ్రీగారికి ఫోన్ చేసి అడిగాను.

"తీసుకురా, వింటాను," అంది ఆవిడ. "కానీ చివర బాగైపోయిందని ఆవిడ చెప్తే, అది కూడా నేను రాయాల్సిందే."

అంటే ఆ ఆఖరి ముక్క నన్ను ముంచుతుంది. దాన్ని కత్తిరించేస్తే సరి అనుకున్నాను. కన్నతల్లి సాక్ష్యాన్ని దొంగతనంగా పట్టి, తోక కోసి, డాక్టరుకు అమ్మజూపడానికి సిద్ధపడ్డాను. టిక్కులు కొట్టిన ఆ కౌన్సిలర్ పిల్ల నాకంటే నయం.

ఆ ఆదివారం మందిరం కిక్కిరిసింది. ఫోనులో రికార్డింగు పెట్టి, బైబిలు మీద బోర్లించి, ముందు బెంచీ మీద ఉంచాను. తీతు అయ్యగారు మైకులో పిలిచారు.

"మన రెబెక్కమ్మ. ఆమె ఇంట్లో దేవుడు చేసిన కార్యం అందరికీ తెలిసిందే. అయినా మళ్ళీ విందాం."

అమ్మ తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని మైకు పట్టుకుంది. మొదలుపెట్టబోతూ ఒకసారి బెంచీ వైపు, బైబిలు మీద ఫోను వైపు చూసినట్టు నాకు అనిపించింది.

"అందరికి వందనాలు. నా బిడ్డ సాధన మూడో తరగతిల ఉండంగ..."

బలపం వచ్చింది. డబ్బాలు వచ్చాయి. చెప్పులు వచ్చాయి. జనం తలలూపుతున్నారు, వాళ్ళకూ కంఠతా వచ్చు. అప్పుడు అమ్మ ఎన్నడూ చెప్పనిది మొదలుపెట్టింది.

"ఇంకొకటున్నది. అప్పటికింకా బడికి పోతలేదు, నాలుగేండ్లుంటయి. పొయ్యి మీద పాలు పొంగుతయి చూడు అని చెప్పి నీళ్లకు పోయిన. వచ్చేసరికి గిన్నె మాడి ఇల్లంత పొగ. ఈ పిల్ల ఆ పొగల కూసొని గోడ మీద చీమలను చూస్తున్నది. దగ్గుకుంట చూస్తున్నది. నాకు కోపమొచ్చి అట్లకాడ కాల్చి కాలు మీద పెట్టిన. పొయ్యి తగిలిందని అందరికి చెప్పిన. పిల్లకు గూడ అదే చెప్పిన."

నా చెయ్యి దానంతటదే కుడికాలి పిక్క మీదికి పోయింది. అక్కడొక నున్నటి మచ్చ ఉంటుంది.

"అయ్యగారు నలభై దినాలు ప్రార్థన చేసిండు," అంది అమ్మ.

ఇక్కడ అందరూ స్తోత్రం అనాలి. అన్నారు. కీబోర్డు దగ్గర శాంసన్ పాట ఎత్తుకోవడానికి వేళ్ళు ఆనించాడు. అమ్మ మైకు పట్టుకుని అట్లాగే నిలబడింది. నలభై ఒకటో రోజు రాలేదు.

"ఇది సాక్ష్యం కాదు. ప్రార్థన మనవి. నా బిడ్డ కోసం ప్రార్థన చెయ్యండి," అని మైకు స్టాండుకు తగిలించి వచ్చి కూర్చుంది.

శాంసన్ ఒక స్వరం నొక్కి వదిలేశాడు. నేను లేచి పక్క తలుపులోంచి బయటపడి, కొళాయి దగ్గర కక్కుకున్నాను. ఎవరి మీద ఆ అసహ్యమో చెప్పలేను. ఆమె మీద ఉంది, కాలు మీద ఉంది, ఫోను బోర్లించి పెట్టిన నా మీద ఎక్కువ ఉంది. ముఖం కడుక్కుని గోడ కింద కూర్చున్నాను. ఆరాధన అయ్యాక చాలాసేపటికి అమ్మ వచ్చి నా ఫోను నా చేతిలో పెట్టి, నడువు అంది.

విజయశ్రీగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళేసరికి వినాయకుడి పండగ రోజులు. క్లినిక్ కిందే మండపం, మైకు హోరు. అమ్మ తనంతట తనే వచ్చింది. ముందే నాకు చెప్పింది. "అండ్ల చెప్పిందే. మళ్ల నా నోటితోటి చెప్పలేను."

డాక్టరు కిటికీ మూసి, ఫోను స్పీకరులో పెట్టి చెవి దగ్గర పట్టుకుని విన్నది. పొగ దగ్గర ఒకసారి కళ్ళెత్తి నన్ను చూసింది. సాక్ష్యం ముగిశాక మోగుతున్న ఫోనును అలాగే బల్ల మీద పెట్టింది.

"నలభై రోజులన్నారు కదమ్మా. నలభై ఒకటో రోజు ఏమైంది?"

అమ్మ ఈసారి క్యాలెండరు వైపు చూడలేదు.

"ఏం కాలే మేడం. ఆ రోజు సంది నేనే అన్ని సర్దుతున్న. బడికి పోయి కిటికీల నుంచి చూసి, పిల్ల ఇడిసిన డబ్బ తెచ్చి ఇంట్ల పెట్టేది. గందుకే అప్పట్ల ఆ బడిలనే ఆయా పనికి కుదిరిన."

ఇరవై ఒక్కేళ్ళు ఆ అద్భుతాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం. నేను దొంగిలించి పూడ్చినవి పోగా మిగిలినవన్నీ ఆమె ఏరుకొచ్చేదన్నమాట.

విజయశ్రీగారు లెటర్‌హెడ్ దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. అర పేజీ. ఆ అర పేజీ చూసి పట్టాభిగారు దసరాకు నాలుగు రోజుల ముందు నన్ను మళ్ళీ కుర్చీ దగ్గరికి పంపారు. చీటీ అంటించాకే సూది ముట్టుకోవాలని కొత్త నియమం పెట్టారు. మందు కోసం ఎనిమిది షాపులు తిరిగాను, అడిగిన ప్రతిచోటా నన్ను మత్తుమందు అడిగినదాన్ని చూసినట్టు చూశారు. అదంతా తర్వాతి సంగతి.

అప్పుడు మాత్రం ఆ గదిలో పెన్ను చప్పుడు, కింద డప్పులు. బల్ల మీద మోగుతున్న రికార్డింగు ఆపాలని ఎవరికీ తోచలేదు. బెంచీ మీద నేను వదిలేసి వచ్చిన ఫోను నేను లేనప్పుడు కూడా అన్నీ వింటూనే ఉంది. పాట అయిపోయింది. ప్రార్థన అయిపోయింది. ఆడవాళ్ళ గొంతులు దగ్గరికొచ్చాయి.

"రెబెక్కమ్మకు విశ్వాసం సడలింది."

"ఇంక ఆ పిల్లనెవ్వరు చేసుకుంటరు? పిచ్చి అని డాక్టరు రాసిస్తదంట."

"సమాజం పెద్దగ ఇంకొకరిని పెట్టాలె."

వాళ్ళు ఎవరెవరో గొంతును బట్టి నాకు తెలుసు. పోయిన క్రిస్మస్‌కు మా ఇంట్లో కేకు తిన్నవాళ్ళే. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని వింటోంది. నేను ఫోను ఆపబోతే నా మణికట్టు పట్టుకుంది.

తీతు అయ్యగారి గొంతు వచ్చింది. "అమ్మా రెబెక్కా, ఇరవై ఒక్కేళ్ళ సాక్ష్యమది. జనం తొట్రిల్లుతారు. వచ్చే ఆదివారం లేచి సరిదిద్దుకో."

"సరిదిద్దుకున్న అయ్యగారు," అంది ఫోనులోంచి మా అమ్మ. "ఇయ్యాలనే."

బెంచీలు జరుపుతున్న చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. ఒకే ఒక్క మనిషి నడిచి దగ్గరికొచ్చింది. ఫోనును ఎవరో ఎత్తి కొంగుతో తుడుస్తున్న గరగర. ఆ తర్వాత మా ఇంట్లో ఇరవై ఒక్కేళ్ళుగా ఎవరూ పలకని మాట, మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు వినిపించింది.

"మర్చిపోయింది, నా బిడ్డ."